పలక వంగనంటోంది: చెక్క ఓడల కిట్లపై మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో చెక్క ఓడల కిట్ల గురించి, అంటే డబ్బాలో ముక్కలుగా వస్తే ఇంట్లో కూర్చుకునే నమూనా ఓడల గురించి, నాలుగు ముక్కలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగానికి పైగా ఉత్తరాల్లో గొడవ ఒక్కటే, పలక, అదే ఓడ ఒంటికి తొడుగులా అతికించే సన్నని చెక్క పట్టీ. అందుకని దానికి ఎక్కువ చోటిచ్చాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు. ముందే చెప్పేస్తున్నాను, నేను ఓడల ఇంజనీరును కాను. లెక్కలు చూసే ఉద్యోగం నాది. ఇరవై మూడేళ్లుగా సాయంత్రాలు ఈ పని చేస్తున్నాను. పదకొండు ఓడలు మొదలుపెట్టాను, ఎనిమిది పూర్తయ్యాయి. మిగతా మూడింటి సంగతి సందర్భాన్ని బట్టి నేనే బయటపెడతాను.

ప్రశ్న: పుట్టినరోజుకు పిల్లలు 'హెచ్‌ఎంఎస్ విక్టరీ' కిట్ కానుకగా ఇచ్చారు. స్కేలు 1:72, అంటే అసలు ఓడలో డెబ్బై రెండో వంతు. నేను ఇంతవరకు ఒక్క మోడల్ కూడా చేయలేదు. మొదలుపెట్టమంటారా?

డబ్బా తెరవండి. ప్లాన్లు పరిచి తనివితీరా చూసుకోండి. జాబితా పట్టుకుని ముక్కలన్నీ వచ్చాయో లేదో లెక్కపెట్టుకోండి, ఏదైనా తగ్గితే ఇప్పుడే అడిగి తెప్పించుకోవాలి. ఆ తర్వాత మూతపెట్టి అటకమీద పెట్టేయండి. పిల్లలు నొచ్చుకుంటారేమో, నా పేరు చెప్పండి.

విక్టరీ 1765లో నీళ్లలోకి దిగిన ఓడ. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ఉన్నది దానిమీదే. ఇప్పటికీ పోర్ట్స్‌మత్‌లో ఉంది. దానికి 104 ఫిరంగులు. చాలా కిట్లలో కింది డెక్కుల ఫిరంగులకు బయటికి కనబడే గొట్టం మాత్రమే పెడతారు, అది కొంత నయం. అయినా పైన మిగిలిన వాటికి ఒక్కోదానికి బండి చేయాలి, చక్రాలు పెట్టాలి, తాళ్లు కట్టాలి. మొదటిది చేస్తుంటే ముచ్చటగా ఉంటుంది. పదోది చేసేటప్పుడు గోడ గడియారం వైపు చూస్తాం. ఇక కొలత సంగతి: ఈ స్కేల్లో ముక్కు నుంచి వెనక భాగం దాకా ఓడ ఒళ్లే దాదాపు 96 సెంటీమీటర్లు. ముందుకు పొడుచుకొచ్చే కొయ్యను కలిపితే మీటరు దాటిపోతుంది. అంత పొడవు వస్తువు పూర్తయ్యాక ఎక్కడ పెడతారో ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.

నా మొదటి ఓడ కూడా మూడు తెరచాప కొయ్యలదే. ఎవరూ వద్దనలేదు, అన్నా వినేవాణ్ని కాదు. ఉత్సాహంలో ఒకవైపు పలకలన్నీ ఒకే వారంలో అతికించేసి, రెండోవైపు తర్వాత చూద్దాంలే అనుకున్నాను. జిగురు ఆరేకొద్దీ ఆ పలకలన్నీ కలిసి కీల్‌ను తమవైపు లాగేశాయి. కీల్ అంటే ఓడకు వెన్నెముక. అది విల్లులా వంగాక చేసేదేమీ ఉండదు. పూర్తికాని మూడింటిలో అది మొదటిది. దానిమీద ఇప్పుడు రంగులు, వార్నిష్‌లు పూసి పరీక్షించుకుంటున్నాను.

మీరు చిన్న పడవతో మొదలుపెట్టండి. మోడల్ షిప్‌వేస్ అనే కంపెనీ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే 1:24 స్కేల్లో మూడు చిన్న కిట్లు వరసగా తెచ్చింది. డోరీ, ప్రామ్, లాబ్‌స్టర్ స్మాక్. డోరీకి అడుగు చదునుగా ఉంటుంది, పలకలు కొన్నే. తప్పు చేసినా చిన్న తప్పే అవుతుంది. తర్వాత ఒక కొయ్యదో రెండు కొయ్యలదో చేయండి. ఆపైన అటక ఎక్కండి.

ప్రశ్న: స్కూనర్ అనే తెరచాప ఓడ కిట్ చేస్తున్నాను. డెక్కు వైపు నుంచి ఐదు పలకలు చక్కగా కూర్చున్నాయి. ఆరో పలక నుంచి ఓడ ముక్కు దగ్గర అంచు పైకి లేస్తోంది. పిన్నులు కొట్టినా, క్లిప్పులు పెట్టినా ఆగడం లేదు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి చూశాను. సూచనల పుస్తకంలో 'పలకలు అతికించండి' అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఆ ఒక్క వాక్యం నాకు బాగా తెలుసు. నాలుగు భాషల్లో అచ్చువేస్తారు, నాలుగింటిలోనూ అంతే ఉంటుంది.

మీ పలకలో తప్పు లేదు. దానికి చోటు లేదు, అంతే. ఓడ పెట్టెలాంటిది కాదు కదా. నడుము దగ్గర డెక్కు నుంచి కీల్ దాకా చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. కిట్‌లో ఇచ్చే పలకలేమో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే వెడల్పు. నడుము దగ్గర ఇరవై పలకలు పట్టే చోటు ముక్కు దగ్గరికి వచ్చేసరికి పదమూడింటికే సరిపోతే మిగతా ఏడు ఎటు పోవాలి? ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. మీ ఆరో పలక ఆ పనే చేస్తోంది. దాన్ని పిన్నుతో కట్టేస్తే ఏడోది లేస్తుంది.

ఒక సన్నని కాగితం ముక్క తీసుకోండి. నడుము దగ్గరి బల్క్‌హెడ్, అదే కీల్‌కు అడ్డంగా నిలబెట్టిన చట్రం, దాని అంచు వెంబడి కాగితాన్ని డెక్కు నుంచి కీల్ దాకా చుట్టి గుర్తు పెట్టండి. మీ కొలతలు రాయలేదు కాబట్టి ఉదాహరణకు 100 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. పలక వెడల్పు 5 మిల్లీమీటర్లయితే ఇరవై పలకలు. అలాగే మొదటి బల్క్‌హెడ్ దగ్గర కొలవండి. అక్కడ 64 వచ్చిందనుకోండి. 64ని ఇరవైతో భాగిస్తే 3.2. అంటే ప్రతి పలకా ముక్కు వైపు వెళ్లేకొద్దీ సన్నబడి 3.2 మిల్లీమీటర్లకు రావాలి. ఈ లెక్క మొదటి పలకకు ముందే వేసుకోవాల్సింది. మీరు ఐదు పలకలు సన్నబరచకుండా నిండుగా వేసేశారు కాబట్టి ముక్కు దగ్గర 25 మిల్లీమీటర్లు ఖర్చయిపోయాయి. మిగిలింది 39, అందులో పదిహేను పలకలు పట్టాలి. ఒక్కోదానికి 2.6.

ఇక్కడ ఒక హద్దుంది. పలకను దాని వెడల్పులో సగం కంటే ఎక్కువ సన్నబరచకూడదు. చివర పుల్లలా మిగిలి చీలిపోతుంది, పిన్ను పట్టదు. మీ 5 మిల్లీమీటర్ల పలకకు హద్దు 2.5. నా ఊహాలెక్క ప్రకారం మీరు వెంట్రుకవాసిలో బయటపడ్డారు. మీ అసలు కొలతలో సగం కంటే తక్కువ వస్తే మాత్రం ముక్కు దగ్గర రెండు పలకలను ఒకే పలకలో కలిపేయాలి. ఒకదాన్ని ముక్కు దాకా పోనివ్వకుండా కాస్త ముందే ఆపి, పక్కదాన్ని ఆ మేరకు గాడి కోసి కూర్చోబెడతారు. అసలు ఓడలు కట్టినవాళ్లూ ఇలాగే చేశారు, ఇదేమీ దొంగదారి కాదు. వెనకభాగంలో కథ తలకిందులు. అక్కడ చోటు ఎక్కువై పలకల మధ్య సందు తెరుచుకుంటుంది. ఆ సందుల్లో మూలలు తేలిన ముక్కలు దూర్చాలి. వాటిని స్టీలర్లు అంటారు.

సన్నబరచడానికి చిన్న చిత్రిక వాడండి. రెండు పలకలను జతగా పట్టుకుని ఒకేసారి చిత్రిక పడితే కుడి ఎడమలు సమానంగా వస్తాయి. కత్తితో కోస్తే చెక్క నార ఎటు లాగితే కత్తి అటు పోతుంది.

పలక ఎత్తడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. బల్క్‌హెడ్ల అంచులను వాలుగా అరగదీశారా? ముక్కు దగ్గర ఓడ లోపలికి తిరుగుతుంది కాబట్టి బల్క్‌హెడ్ అంచు కూడా ఆ వంపుతోపాటే వాలాలి. లేకపోతే పలక ఒక్క మూల మీదే ఆనుతుంది, అక్కడ జిగురు ఏం పట్టుకుంటుంది? లేజర్‌తో కోసిన కిట్ అయితే అంచు నల్లగా కాలి ఉంటుంది. ముందు భాగంలో బల్క్‌హెడ్‌ను శాండ్‌పేపర్‌తో రుద్దుతూ ఆ నలుపు నడుమువైపు అంచున సన్నని గీతగా మిగిలే దాకా వెళ్లండి. గీత పోయిందంటే ఎక్కువ అరగదీసినట్టు. తర్వాత జిగురు లేకుండా ఒక పలకను ఓడ పొడవునా ఆనించి, ప్రతి బల్క్‌హెడ్ దగ్గరా వెలుతురు కనబడుతోందేమో చూడండి. ఈ పనికి నేను రెండు వారాలు తీసుకుంటాను. పూర్తయిన ఓడలో ఇందులో ఒక్క ముక్కా ఎవరికీ కనబడదు.

ఇక రాత్రంతా నానబెట్టడం. ఆ ఘనకార్యం నేనూ చేశాను. నానిన చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని తడిగానే అతికిస్తే పక్కదానికి భలే అతుక్కుని కనబడుతుంది. వారం తర్వాత ఆరి ముడుచుకుంటే పలకకూ పలకకూ మధ్య పెన్సిల్ ముల్లు దూరేంత సందు. ఒకటిన్నర మిల్లీమీటర్ల మెత్తని పలకకు ఇరవై నిమిషాలు చాలు. నానాక జిగురు లేకుండా దాని చోటులోనే క్లిప్పులతో బిగించి మర్నాటిదాకా వదిలేయండి. ఆరాక తీసి చూస్తే ఆ వంపు అందులోనే ఉంటుంది. అప్పుడు జిగురు. తొందరుంటే తడి పలకమీద చిన్న ఇస్త్రీపెట్టె ఆనించి వంచండి, నీటికంటే వేడే పని ఎక్కువ చేస్తుంది. బలం పెట్టి నొక్కాల్సి వస్తోందంటే ఆ పలక ఇంకా సిద్ధం కాలేదన్నమాట.

ఎడమవైపు ఒక పలక వేస్తే వెంటనే కుడివైపు ఒకటి వేయండి. విల్లులా వంగిన నా ఓడను గుర్తు చేసుకోండి. ఐదు పలకలు రెండువైపులా వేశారా, ఒకవైపేనా? ఉత్తరంలో రాయలేదు. ఒకవైపే అయితే ఆరోది ప్రస్తుతానికి వదిలేసి అటువైపు మొదలుపెట్టండి.

రెండు పొరల కిట్ అయితే మొదటి పొరలో సందులు పడినా కంగారు వద్దు. పుట్టీ పెట్టి రుద్దేయండి, దానిమీద అర మిల్లీమీటరు వాల్‌నట్ పొర వస్తుంది.

ప్రశ్న: ఏ జిగురు వాడాలి? పనిముట్లు ఎన్ని కొనాలి?

చెక్కకూ చెక్కకూ మామూలు తెల్ల పీవీఏ జిగురు. చెక్కకూ లోహానికీ ఎపాక్సీ. సూపర్ గ్లూ వేగంగా పట్టేస్తుంది కాబట్టి అందరికీ ముద్దే, కానీ అది పైకి కారిన చోట వార్నిష్ చెక్కలోకి ఇంకదు, మచ్చ మిగిలిపోతుంది. పైపొర మీద దాన్ని నేను వాడను.

పనిముట్లు కొన్ని చాలు. సన్నని మొనగల కత్తి, సన్నపళ్ల రంపం, అర మిల్లీమీటరు నుంచి 2 మిల్లీమీటర్ల దాకా బెజ్జం వేసే చేతి డ్రిల్, ఆకురాళ్లు, పట్టుకారు, స్టీలు స్కేలు, చిన్న చిత్రిక. 120, 240, 400 నంబర్ల శాండ్‌పేపర్లు. క్లిప్పులు మాత్రం ఎన్నున్నా చాలవు. బట్టల క్లిప్పులు పనికొస్తాయి, ఇంట్లో వాళ్లను అడిగి తీసుకోండి. నేను అడక్కుండా తీసుకున్నాను, అది వేరే కథ.

ప్రశ్న: నేను ఓడలు చేయను, మావారు చేస్తారు. పడకగదిలో బల్ల వేసుకుని రాత్రి పదకొండు దాకా రుద్దుతుంటారు. దిండు మీద కూడా పొట్టే. 'చెక్కపొడి ఏం చేస్తుంది?' అంటారు. ఈ కాలమ్ ఆయన తప్పకుండా చదువుతారు కాబట్టి రాస్తున్నాను.

చదువుతున్నారు కదా సార్? ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్కపొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. రోజంతా కార్ఖానాలో రుద్దే వడ్రంగికీ మనకూ తేడా ఉంది, నిజమే. అలాగని నిద్రపోయే గదిలో రుద్దుతారా? రుద్దేటప్పుడు మాస్కు పెట్టుకోండి, కిటికీ ఉన్న వేరే చోటికి వెళ్లండి, పొడిని చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవండి.

ఇంకో మాట. సూపర్ గ్లూ కారితే నూలుగుడ్డతో తుడవకండి. నూలు తగిలితే ఆ జిగురు ఒక్కసారిగా గట్టిపడుతూ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. నా లుంగీకి ఒక బెజ్జం, తొడమీద చిన్న మచ్చ, రెండూ అలా వచ్చినవే.

ప్రశ్న: 'వాసా' ఓడ కిట్ కొన్నాను. పాత బొమ్మల్లో వెనకభాగం నీలంగా ఉంది, కొత్తవాటిలో ఎర్రగా ఉంది. ఏ రంగు వేయాలి?

ఎరుపు. ఈ స్వీడన్ యుద్ధనౌక కథ తెలిసే కొన్నారనుకుంటాను. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్‌లో మొదటిసారి బయల్దేరి 1,300 మీటర్లు కూడా సరిగ్గా పోకముందే మునిగిపోయింది. పైబరువు ఎక్కువ. గాలికి ఒరిగేసరికి తెరిచి ఉంచిన ఫిరంగుల కిటికీల్లోంచి నీళ్లు చొరబడ్డాయి. 333 ఏళ్ల తర్వాత, 1961లో పైకి తీశారు. అన్నేళ్లు నీళ్లలో ఉన్న చెక్క నల్లబడిపోయింది, కంటికి రంగు కనబడదు. అందుకే మొదట్లో నీలం, బంగారు రంగులని ఊహించారు. పాత బొమ్మల నీలం అక్కడి నుంచి వచ్చిందే. తర్వాత చెక్కలో మిగిలిన రంగు రేణువులను పరీక్షిస్తే వెనకభాగం నేపథ్యం ఎరుపని తేలింది. ఓడమీద చెక్కిన శిల్పాలకు బంగారు పూత ఒక్కటే కాదు, రకరకాల రంగులు కూడా ఉన్నాయి. అక్కడి మ్యూజియంలో పదో వంతు కొలతతో రంగులు వేసిన మోడల్ ఉంది, దాని ఫొటోలు చూసి వేసుకోండి. నీలం వేసినవాళ్లను మాత్రం వెక్కిరించకండి. నా దగ్గరున్నది నీలమే.

ప్రశ్న: ఓడ అడుగున రాగిరేకులు అతికించాలా, రంగు వేస్తే చాలదా?

ముందు ఓడ ఏ కాలానిదో చూడండి. చెక్కను తొలిచే ఓడపురుగు కోసం రాగితొడుగు వేయడం బ్రిటిష్ నౌకాదళంలో 1761లో 'అలారం' అనే ఓడతో మొదలైంది. విక్టరీకి 1780లో వేశారు. కాబట్టి వాసాకు రాగి వేస్తే అది మీ సొంత ఓడ అవుతుంది. వేయాల్సిన ఓడే అయితే అసలు రేకు 4 అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు. 1:64 స్కేల్లో అది 19 మిల్లీమీటర్లు, ఐదున్నర మిల్లీమీటర్లు. ఓపిక ఉందా?

ప్రశ్న: తాళ్ల నిచ్చెనల దగ్గర ఆగిపోయాను. 1:64 స్కేలు. మెట్టుకూ మెట్టుకూ ఎంత దూరం ఉండాలి? కట్టేకొద్దీ నిచ్చెన నడుము సన్నబడి డమరుకంలా తయారవుతోంది.

నావికుడు ఎక్కడానికి వేసిన మెట్లవి. అసలు ఓడలో సుమారు 13 నుంచి 15 అంగుళాలకు ఒకటి. మీ స్కేల్లో 5 నుంచి 6 మిల్లీమీటర్లు. కొందరు ముచ్చటపడి 10 మిల్లీమీటర్లకు ఒకటి కడతారు. ఆ లెక్కన కళాసీ రెండడుగులకు పైగా కాలెత్తాలి.

డమరుకం ఎందుకొస్తుందంటే, ముడి వేసిన ప్రతిసారీ చెయ్యి తెలియకుండానే దారాన్ని బిగిస్తుంది. ఒక్కో మెట్టూ వెంట్రుకంత లాగినా ముప్ఫై మెట్లకు నిలువుతాళ్లు లోపలికి వచ్చేస్తాయి. ముందు ప్రతి ఐదో మెట్టూ కట్టండి, తర్వాత మధ్యవి నింపండి. నిలువుతాళ్ల వెనక గీతలు గీసిన అట్టముక్క పెట్టుకుంటే కొలిచే పని తప్పుతుంది, తాళ్లు ఒంకరపోతే గీతలే చెబుతాయి. దారాన్ని ముందు తేనెమైనం మీద లాగండి, నూగు అణుగుతుంది. ముడిమీద నీళ్లు కలిపిన పీవీఏ చుక్క పెట్టి, కొసలు మర్నాడు కోయండి. ఆ రోజే కోస్తే ముడి జారుతుంది.

రంగు సంగతి కూడా: కొయ్యలను నిలబెట్టే తాళ్లకు తారు పూసేవాళ్లు, అవి నలుపో ముదురు గోధుమో. తెరచాపలను లాగే తాళ్లు లేత రంగు. అన్నిటికీ ఒకే నల్లదారం కట్టినది నా పూర్తికాని ఓడల్లో రెండోది. పైకొయ్యల దాకా వచ్చాక తెలిసింది, విప్పే ఓపిక లేకపోయింది. పూర్తిచేసిన ఒక ఓడకు 1,140 ముళ్లు వేశాను. లెక్కపెట్టాల్సిన అవసరం లేదు, కానీ లెక్కలు చూసేవాడికి చెయ్యి ఊరుకోదు.

ప్రశ్న: నమస్కారమండీ. మా నాన్న పోయి రెండేళ్లు. ఆయన మొదలుపెట్టిన రెండు కొయ్యల ఓడ డబ్బాలో దొరికింది. చట్రం నిలబెట్టి ఉంది, మొదటి పొర పలకలు వేస్తూ ఆపేశారు. ఎడమవైపు తొమ్మిది, కుడివైపు ఎనిమిది ఉన్నాయి. చిన్న ఫిరంగుల మీద తెల్లటి పొడి పేరుకుంది. నాకు ఈ పని రాదు. పూర్తి చేయవచ్చా, అలాగే దాచమంటారా?

చేయవచ్చమ్మా. ముందు ఆ తెల్లపొడి సంగతి. పాత కిట్లలో ఫిరంగులూ లంగర్లూ సీసంతో పోసేవాళ్లు. మూసిన డబ్బాలో చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం అలా తెల్లగా పొడి అవుతుంది. అది విషం. ఊదకండి, వట్టి చేత్తో ముట్టకండి. చేతికి తొడుగులు వేసుకుని ఆ ముక్కలన్నీ ఒక సంచిలో కట్టి పిల్లలకు అందకుండా వేరుగా ఉంచండి, చేతులు కడుక్కోండి, డబ్బా లోపల తడిగుడ్డతో తుడవండి. వాటి బదులు ఇత్తడివి దొరుకుతాయి.

డబ్బాలో పాత జిగురు సీసా ఉంటే పారేయండి. దారం ఒక మూర తీసి రెండు చేతులా లాగి చూడండి, పుటుక్కున తెగితే కొత్తది కొనాలి. ప్లాన్ కాగితాలు మడతల దగ్గర చిరుగుతుంటాయి, విప్పగానే నకలు తీయించి అసలువి దాచేయండి. వాటిమీద మీ నాన్నగారు పెన్సిల్‌తో ఏమైనా రాశారేమో చూడండి. మేమందరం రాస్తాం. చట్రం మీద కూడా చూడండి, ప్రతి బల్క్‌హెడ్ అంచునా చిన్న గీతలు కనబడితే అవి పలకల వెడల్పులు. అంటే లెక్క ఆయనే వేసి పెట్టారన్నమాట, మీకు సగం పని తగ్గింది.

చట్రాన్ని కీల్ వెంబడి కంటికి దగ్గరగా పట్టుకుని చూడండి. తిన్నగా ఉంటే చెక్కకు ఇన్నేళ్లలో ఏమీ కాలేదు. వంగి ఉంటే మళ్లీ ఉత్తరం రాయండి, తొందరపడి ఏమీ చేయకండి.

స్కూనర్ ఆయనకు రాసిన జవాబు రెండుసార్లు చదవండి. పాడైనా పరవాలేని ఒక పలకముక్క మీద చిత్రిక పట్టడం, నానబెట్టి వంచడం అలవాటు చేసుకోండి. నెల పట్టినా పట్టనివ్వండి. ఎడమవైపు ఒకటి ఎక్కువుందని రాశారు కదా, ఆయన వరస తప్పకుండా వేస్తున్నారు. మీరు వేయాల్సింది కుడివైపు తొమ్మిదోది.